బుటీకు బస

మా ఇళ్ళలో ఆడవాళ్ళకు 'బుటీకు' అనే మాట కొత్తదేమీ కాదు. జాకెట్టు గుడ్డ ఇస్తే మగ్గం పని చేసి, గుడ్డ ఖరీదుకు నాలుగు రెట్లు కూలి పుచ్చుకునే దుకాణమని అందరికీ తెలుసు. కనుక మా తోడల్లుడు ఫోను చేసి, "పెళ్ళికి వచ్చినప్పుడు మీకు బుటీకు హోటల్లో గది తీసుకున్నాను అన్నయ్యగారూ" అనగానే మా ఆవిడ, "ఏమండీ, హోటళ్ళకు కూడా మగ్గం పని మొదలెట్టారా?" అంది. పరిహాసానికి అన్నదే గాని, తీరా వెళ్ళి చూస్తే అక్షరాలా అదే జరిగింది.

ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న దుకాణమని అర్థం. 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ అనే ఇద్దరు న్యూయార్కులో మోర్గన్స్ హోటలు తెరిచాక ఈ పేరు హోటళ్ళకు బాగా అంటుకుంది. గదులు తక్కువగా ఉండాలి, అలంకారం ముచ్చటగా ఉండాలి, వచ్చినవాణ్ణి గది నెంబరుతో కాక పేరుతో పలకరించాలి - ఇదీ ఆ సంప్రదాయం. వినడానికి బాగానే ఉంది.

అయితే మన హైదరాబాదుకు తూర్పు కొసన బస కోరేవాళ్ళు ఎవరో ఒక్కసారి ఆలోచించండి. విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులు ఊళ్ళోకి అడుగుపెట్టేది ఎల్.బి.నగర్ దగ్గర. అక్కడ మెట్రో ఎక్కితే మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరు 24న ఆ రైలు వచ్చింది మొదలు రాకపోకలు సులువైనాయి. పిల్లవాణ్ణి కోచింగులో చేర్చడానికి వచ్చే తండ్రి, ఆసుపత్రిలో ఉన్న అత్తగారికి తోడుగా వచ్చిన కోడలు, కర్మన్‌ఘాట్ వైపు కల్యాణ మండపాలకు వచ్చే మాబోటి చుట్టాలు - వీళ్ళే ఎక్కువ. విలాసానికి వచ్చేవాళ్ళు అరుదు. వీళ్ళకు కావలసింది వెన్ను వాల్చడానికి మంచి పరుపు, తెల్లవారుజామున రెండు బిందెల వేణ్ణీళ్ళు.

మా హోటలు ముందు గదిలో ఉయ్యాల కుర్చీ, బుద్ధుడి తల, సీసాల్లో తీగెలు పాకించిన మొక్కలు, గుడ్డి వెలుగునిచ్చే పాతకాలపు బల్బులు ఉన్నాయి. మూడో అంతస్తులో మా గది. తెర పక్కకు లాగితే కిటికీ ఉంది. కిటికీ తీస్తే జానెడు దూరంలో పక్క మేడ గోడ ఉంది. మంచం తలాపు వైపు గోడకు పూల కాగితం అంటించారు. ఆ పూలు ఒక మూల ఉబ్బి ఉన్నాయి. చెయ్యి పెడితే చెమ్మ.

వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు గాని, స్నానాలగది వాసన ఓర్చుకోలేకపోయాము. నీళ్ళు పోయే తూము కింద వంకర గొట్టం ఒకటి ఉండాలి. ఆ వంపులో రెండంగుళాల నీళ్ళు నిలిచి, మురుగు కాలువ గాలి పైకి రాకుండా మూత వేసినట్టు అడ్డుపడతాయి. ఆ వంపు లేకపోయినా, పగిలి నీళ్ళు నిలవకపోయినా ఊళ్ళోని మురుగంతా మన ముక్కుతో మాట్లాడుతుంది. బుద్ధుడి తలకు పెట్టిన ఖర్చులో ఎన్నో వంతు పెడితే ఈ గొట్టం బాగుపడుతుందో నాకు లెక్క రాదు, ఎక్కువ మాత్రం కాదు.

ఇక ఆ హోటల్లో పనిచేసే కుర్రవాడి సంగతి చెప్పాలి. దేవరకొండ వైపువాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి అడక్కుండానే కనిపెట్టి ఎత్తు కుర్చీ తెచ్చి వేశాడు. వాసన గురించి చెబితే మొహం చిన్నబుచ్చుకుని ఏదో సుగంధం చల్లిపోయాడు. అరగంటకు మళ్ళీ వచ్చి చల్లాడు. ముహూర్తం తెల్లవారి నాలుగూ ముప్పై అయిదుకు. మూడింటికి లేస్తే గీజరులో చెంబెడు వేడినీళ్ళు వచ్చి ఆగిపోయినై. "పది నిమిషాలు ఆగుండ్రి సార్, నేను కాచి తెస్త" అన్నాడు. లిఫ్టు రాత్రిపూట కట్టేస్తారట. రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని మూడంతస్తులెక్కి వచ్చాడు.

అటువంటివాడి ఎదుట నోరెత్తి ఏమని తిట్టగలం? అదే చిక్కు. గొట్టం వేయించనివాడు కనిపించడు. కనిపించేవాడు బకెట్లు మోస్తున్నాడు. వాడి మంచితనం యజమానికి గొడుగు. ఇది మా ఒక్కరి అనుభవమేనా అంటే, పాఠకుల్లో చాలామంది తల ఊపుతారని నా నమ్మకం.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు మీదుగానే వెళ్ళారు. మజిలీ మజిలీకీ నీళ్ళు ఎలాంటివి, దిగడానికి వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా అని రాసిపెట్టారు. బ్రిటిషు ఇండియాలో 1867లో చేసిన సరాయిల చట్టం కూడా సత్రం నడిపేవాడు గదులూ, వసారాలూ, తూములూ శుభ్రంగా ఉంచాలని నియమం పెట్టింది. తూముల్ని మరిచిపోలేదు చూశారా!

బయలుదేరేటప్పుడు కుర్రవాడు చేతులు నలుపుకుంటూ, "ఫోన్ల అయిదు చుక్కలు పెట్టుండ్రి సార్. నా పేరు గూడ రాస్తే నెలకు కొంచెం ఎక్కువిస్తరు" అన్నాడు. అయిదు చుక్కలు పెడితే రేపు దిగే చుట్టానికి అబద్ధం చెప్పినట్టు. రెండు పెడితే వీడి పొట్టమీద కొట్టినట్టు. మనిషికి వేరుగా, మురుగుకు వేరుగా చుక్కలు పెట్టే ఏర్పాటు నాకు కనిపించలేదు. చివరకు మూడు పెట్టి, వాడి పేరు రాసి వేణ్ణీళ్ళ కథంతా చెప్పి, గది నెంబరుతో సహా గొట్టం సంగతి రాశాను.

మర్నాడు యజమాని ఫోను చేశాడు. చాలా మర్యాదస్థుడు. "మా స్టాఫు ఏమన్నా లోపం చేశారా అండీ?" అన్నాడు. స్టాఫు బంగారం బాబూ, గొట్టమే ఇత్తడి అని విన్నవించాను. "రాత్రి డ్యూటీలో ఎవరున్నారో కనుక్కుంటాను" అన్నాడు. వద్దు మహాప్రభో అని పది నిమిషాలు ఆ కుర్రవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది. గొట్టం మాట ఆయన ఎత్తలేదు.

వచ్చే నెల మా వదినగారు మనవణ్ణి కోచింగులో చేర్చడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళుతున్నారు. గది తీసుకునేముందు ఫోనులో అడగమని రాసి ఇచ్చాను: కిటికీ ఎటు తెరుచుకుంటుంది, గీజరు ఎన్ని లీటర్లది, స్నానాలగది తూము ఎప్పుడు బాగుచేయించారు, రాత్రి లిఫ్టు నడుస్తుందా. ఆవిడ చీటీ రెండుసార్లు చదువుకుని, "ఇవన్నీ అడిగిన మనిషికి గది ఇస్తారా నాయనా?" అన్నారు.