ఎవరూ తాకని దీవి ఎక్కడుంది?

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు సంక్రాంతి సెలవులకు ఊరొచ్చి, ఫోను నా చేతిలో పెట్టాడు. "మాస్టారూ, నలుగురం అండమాన్ పోయొచ్చాం. విశాఖలో ఓడెక్కాం. వీపున ఒక్కో సంచి, అంతే" అన్నాడు. హేవ్‌లాక్ దీవి, నీలం నీళ్లు, అడుగున పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. చూస్తుంటే నాకూ పోవాలనిపించింది, దాచుకోను. తర్వాత బస్సు కిటికీలోంచి తీసిన వీడియో ఒకటి వచ్చింది. రోడ్డు పక్కన ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు. "జరావాలు మాస్టారూ! డ్రైవరు వద్దన్నాడు, అయినా తీసేశా."

రెండేళ్ల కిందట వంజంగి కొండ దగ్గర కట్టెలమోపుతో దిగొస్తున్న తన నాయనమ్మను ఆపి ఫొటోలు తీసిన పట్నం పిల్లల మీదికి కొట్లాటకు పోయింది వీడే.

బ్యాక్‌ప్యాకర్లకు ఒక గర్వం ఉంటుంది. మేం పెద్ద హోటళ్లలో దిగే రకం కాదు, తక్కువ డబ్బుతో తిరుగుతాం, ఊరివాళ్లు తినేదే తింటాం, కాబట్టి మావల్ల ఎవరికీ చెరుపు లేదు అంటారు. సంచి చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ అడగకుండా ఇంట్లోకి వచ్చినవాడి సంచి బరువు ఎవరు చూస్తారు? పైగా వాళ్లు వెతికేదే 'ఎవరూ తాకని' చోటు. ఇవాళ పదిమంది సంచులతో పోయి బాగుందన్న చోటికి రేపు కాంక్రీటు వస్తుంది. లంబసింగిలో మన కళ్లముందే జరిగింది కదా.

హేవ్‌లాక్ అన్న పేరు 1857 తిరుగుబాటును అణచిన ఆంగ్ల సేనానిది. 2018లో దాన్ని స్వరాజ్ ద్వీప్ చేశారు. ఆ నీళ్లలో వేల ఏళ్లుగా పడవలు నడిపినవాళ్లు ఏమని పిలుచుకున్నారో ఆ రోజు ఎవరూ అడగలేదు. అడగడానికి మనుషులు మిగిలితే కదా! 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలస పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు అయిదు వేల దాకా ఉండేవారని అంచనా. తుపాకులు కొంత, తట్టూ సుఖరోగాలూ ఇంకా ఎక్కువ, కలిసి వాళ్లను ఊడ్చేశాయి. ఇప్పుడు వందమంది కూడా లేరు. వాళ్లలో బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూసింది. ఖాళీ తీరం అని మనం మురిసిపోయేది ఖాళీ చేయించిన తీరం.

మిగిలిన జరావాల అడవి గుండా రోడ్డు వేశారు, అండమాన్ ట్రంక్ రోడ్. ఆ భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మూయలేదు. 2012లో తిండి చూపించి జరావా ఆడవాళ్లను ఆడించిన వీడియో లోకమంతా చూసింది. 2013 జనవరిలో అదే కోర్టు టూరిస్టులను ఆ దారిలో ఆపింది, మార్చి వచ్చేసరికి ఆ ఆంక్ష పోయింది. ఇప్పటికీ జిర్కాటాంగ్ దగ్గర బండ్లు వరసకట్టి, ముందూవెనకా పోలీసులతో కదులుతాయి. బారాటాంగ్ గుహల కోసం అంటారు. బండిలో కూర్చున్నవాళ్ల కళ్లు దేనికోసం చెట్లలో వెతుకుతుంటాయో అందరికీ తెలుసు. జరావాలను ఫొటో తీయడం నేరం. తట్టు వాళ్లలో 1999లో ఒకసారి, 2006లో ఒకసారి పాకింది. మనం తుమ్మి మరిచిపోయే రోగం వాళ్లకు ఊరినే ఖాళీ చేయగలదు.

సెంటినలీస్ దీవి సంగతి వేరు. దాని చుట్టూ పగడపు దిబ్బలే కోటగోడ. రావద్దని బాణాలతో చెప్తూనే ఉన్నారు. అయినా 2025లో ఒక అమెరికా కుర్రవాడు చిన్న పడవలో పోయి, ఒడ్డున కొబ్బరికాయ, కూల్‌డ్రింకు డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. సాహసమట! వద్దన్న ఇంటి తలుపు తట్టడాన్ని మా ఊళ్లో వేరే మాటతో పిలుస్తాం.

పగడం అంటే రాయి కాదని టీచర్లు పిల్లలకు చెప్పాలి. అది చిన్నచిన్న ప్రాణుల గుంపు. బండలా కనిపించే రకం ఏడాదికి సెంటీమీటరో కాస్త ఎక్కువో పెరుగుతుంది. ఫొటో కోసం దానిమీద నిలబడ్డ కాలు కొన్ని దశాబ్దాల పెరుగుదలను విరిచేస్తుంది. 2010 ఎండాకాలంలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. ఆ వేడి బ్యాక్‌ప్యాకర్ తెచ్చింది కాదు, నిజమే. కానీ జబ్బుపడ్డవాడి మంచమెక్కి గంతులేస్తామా? ఆ దిబ్బల పక్క లోతులేని నీళ్లలోనే జరావా మగవాళ్లు విల్లుతో చేపలు కొడతారు, ఆడవాళ్లు చేతివలలతో పడతారు. మనకు విహారమైన చోటు వాళ్లకు వంటిల్లు.

ప్రయాణాలు మానమని నేను అనను. మన పిల్లలు సముద్రం చూడాలి, ఓడెక్కాలి. తరతరాలుగా ఊరుదాటని మనకు అది చిన్న సంగతేం కాదు. కానీ చూడబడే బాధ తెలిసిన మనమే చూసేవాళ్ల బస్సెక్కితే ఎలా? థింసా అంటే మన పెళ్లి, మన పండగ. దాన్ని రిసార్టు ముంగిట గంటకింత అని ఆడిస్తే మండిపడతాం. ఆ మంట జిర్కాటాంగ్ గేటు దగ్గర ఎందుకు ఆరిపోతుంది? అక్కడ మనకీ టిక్కెట్టు దొరికింది గనకనా?

ఇదంతా ఆ కుర్రాడితో చాలాసేపు అన్నాను. "మరి బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూడకుండా ఎలా మాస్టారూ?" అన్నాడు. "బొర్రా గుహలు మన గుమ్మంలోనే ఉన్నాయి. ఆ కొండల్లో మైనింగు లీజుల మీద కొట్లాడితేనే 1997లో సమతా తీర్పొచ్చింది. అది తెలుసా నీకు?" అంటే తెలీదన్నాడు. చెప్పకపోవడం నా తప్పే. పదేళ్లు బడికొచ్చాడు నా దగ్గరికి.

ఉత్తర అండమాన్‌కు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలున్నాయి, జరావాల అడవి తొక్కనక్కర్లేదు. ఈసారి అలా పోతానన్నాడు. వీడియో నా ముందే తీసేశాడు. అప్పటికే స్నేహితుల గ్రూపులో పెట్టేశాడట. తీసేయమని వాళ్లకూ రాశాడు. ఇద్దరు తీసేశారు. మిగతావాళ్లు ఇంకా జవాబివ్వలేదు.