పాత కారుకు తుప్పు మరమ్మతు: చేయింపవలెనా, మానవలెనా?

ఏటేట వానకాలము గడచిన పిమ్మట మన పట్టణములలోని టింకరింగు షెడ్ల ముంగిట పాత కార్లు బారులు తీరును. తలుపు అడుగున రంగు పొక్కులుగా లేచినదని ఒకరు, కాళ్లక్రింది చాప ఎత్తినచో రోడ్డు కనబడుచున్నదని మరియొకరు చెప్పుకొందురు. షెడ్డు మేస్త్రీ బండి చుట్టు ఒకమారు తిరిగి చూచి ఒక మొత్తము చెప్పును. ఆ సాయంకాలము ఇంటిలో వాదము మొదలగును. "అంత డబ్బు పోసిన తరువాత అది ఎన్నాళ్లు నడచును?" అని కుమారుడనును. "మీ తాతగారు కొన్న బండిని తూకమునకు వేయుదుమా?" అని తల్లి యనును. ఈ రెండు మాటలలోను న్యాయము కలదు. కాని ఈ రెండింటిలో ఏదియు అసలు ప్రశ్న కాదు. అసలు ప్రశ్న, ఆ తుప్పు బండిలో ఎక్కడ పట్టినదన్నది. దానికి సమాధానము తెలియకుండ ఒక్క రూపాయి ఇచ్చినను తొందరపాటే, బండిని త్రోసివేసినను తొందరపాటే యని మా అభిప్రాయము.

మన కుటుంబములు కొన్ని బరంపురము, యానాము, చెన్నై, ముంబై వంటి సముద్రపు గాలి తగులు చోట్ల స్థిరపడినవి. కొన్ని బళ్లారి, షోలాపురము వంటి పొడి నేలలలో నున్నవి. ఒకే ఏట ఒకే కర్మాగారమునుండి వచ్చిన రెండు బండ్లు ఈ రెండు చోట్ల రెండు విధములుగా ముదుసలివగును. ఇనుము నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కలిసినప్పుడు తుప్పు పుట్టును. ఆ నీటిలో ఉప్పు కలిసినచో విద్యుత్తు దానిగుండ సులభముగా పారును గనుక ఆ పని మరింత వేగముగా జరుగును. అల్యూమినియముపై ఏర్పడు పొర ఆ లోహమునకు కవచమగును. ఇనుముపై తుప్పు అట్టిది కాదు. అది పొరలుగా ఉబ్బి, రాలి, క్రింది ఇనుమును మరల గాలికి నీటికి అప్పగించును. కావున తుప్పు తానై ఆగదు. షోలాపురములోని బంధువు తన బండి కేమియు కాలేదని చెప్పిన మాట విని యానాములోని వారు నిశ్చింతగా నుండరాదు.

"ఆ కాలపు రేకు మందము, ఇప్పటి రేకు కాగితము" అని మన పెద్దలు తరచు చెప్పుదురు. మందమైన రేకు చిల్లిపడుటకు ఎక్కువ కాలము పట్టునన్న మాట నిజమే. కాని ఇప్పటి అనేక కార్ల రేకునకు ఉండు జింకు పూత ఆనాటి అంబాసిడరుకు గాని పద్మినికి గాని లేదు. మరియొక సంగతి. లారీకి క్రింద వేరుగా ఛాసిస్ ఉండును. దానిపై తొట్టి కూర్చుండును. అంబాసిడరులోను, పద్మినిలోను, మారుతి 800లోను అట్లు కాదు. వంచి అతికిన రేకుల పెట్టెయే బండికి వెన్నెముక. ఆ రేకు తినివేయబడినచో అందము మాత్రమే గాక బలమును పోవును.

ఈ విషయము మేము డబ్బు పోసి నేర్చుకొంటిమి. మా తండ్రిగారు 1994లో ఒక తెల్లని అంబాసిడరు కొనిరి. బరంపురమునకు గోపాలపురపు సముద్రము పదిహేను కిలోమీటర్ల దూరములోనే కలదు. ఆ గాలిలో ఆ బండి పదునేడేండ్లు నిలిచినది. 2011లో తలుపుల క్రింద రంగు పొక్కినది. ఒక షెడ్డులో పదునెనిమిది వేల రూపాయలు ఇచ్చితిమి. బండి పెండ్లికొడుకువలె తిరిగి వచ్చినది. మేము మురిసితిమి. రెండు వానకాలములు గడచినవి. 2013లో శ్రీకాకుళము జిల్లాలో ఒక పెండ్లికి ఆరుగురము బయలుదేరితిమి. ఇచ్ఛాపురము దాటిన పిమ్మట చక్రము గాలి పోయినది. జాకీ పెట్టి త్రిప్పితిమి. జాకీ లేచెను, బండి లేవలేదు. తలుపుల క్రిందనున్న పెట్టె దూలములోనికి జాకీ దిగబడిపోయెను. ఆ కన్నములో చేయి పెట్టి చూడగా ఒడియా వార్తాపత్రిక ఉండలు బయటపడినవి. కాగితము కుక్కి, దానిపై పుట్టీ మెత్తి, దానిపై మెరయు రంగు కొట్టినారు. పైన పటారము, లోన లొటారమన్న సామెతకు మా బండియే నిదర్శనమైనది. అంతవరకు ఆ బండిలో చిన్నపిల్లలను కూర్చుండబెట్టుకొని జాతీయరహదారిపై లారీల నడుమ పరుగెత్తితిమి గదా యని తలచుకొన్నప్పుడు ఇప్పటికిని ఒడలు జలదరించును.

ఆ షెడ్డు వానిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. "తక్కువలో చేయుము, పండుగకు బండి కావలెను" అని చెప్పినవారము మేమే. తుప్పు ఎక్కడ నున్నదో అడుగలేదు. ఎంతలో అగునని మాత్రమే అడిగితిమి.

కావున మొదట చేయవలసినది స్థానమును తెలిసికొనుట. మడ్‌గార్డులు, తలుపుల అడుగులు, బానెట్, డిక్కీ మూత బండికి చర్మము వంటివి. వీనికి పట్టిన తుప్పు కంటికి అసహ్యమే గాని ప్రాణమునకు వెంటనే ముప్పు తేదు. తలుపుల క్రింది పెట్టె దూలములు, కాళ్లక్రింది నేల, వెనుక కమాను కట్టలు బిగించు చోట్లు, జాకీ పెట్టు చోట్లు, సీట్లును వాని పట్టీలును బిగించిన చోట్లు, స్టీరింగు పెట్టె బిగించిన చోటు బండికి ఎముకలు. ఇక్కడ పట్టిన తుప్పు బయటికి కనబడదు. దానినే మొదట వెదకవలెను.

ఈ పరీక్షకు పెద్ద సాధనము లక్కరలేదు. చాపలన్నియు తీసివేసి నేల తడిగా నున్నదేమో చేతితో తడిమి చూడుడు. అడుగున ఒక చిన్న సుత్తితో మెల్లగా కొట్టుడు. మంచి ఇనుము ఖణేలుమనును. చెడినది మొద్దుగా పలుకును. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కుడు. దిగబడినచో అక్కడ ఇనుము లేదు. ఒక చిన్న అయస్కాంతమును రంగుపై జరుపుడు. అది అంటుకొనని చోట రంగు క్రింద నున్నది పుట్టీ. తలుపును కొద్దిగా ఎత్తి వేసినగాని పడనిచో, బండిని ఒక ప్రక్క జాకీతో ఎత్తినప్పుడు తలుపు సందు మారుచున్నచో, వెన్నెముక వంగుచున్నదని గ్రహింపవలెను. బండిని జాకీపై నుంచి క్రింద దూరి చూచుట మాత్రము ఎన్నడును చేయకుడు. షెడ్డులోని గుంటపై నిలిపి చూడుడు.

చర్మమునకు మాత్రమే తుప్పు పట్టినచో తొందర లేదు. ఎముకకు ఒకటి రెండు చోట్ల పట్టినచో వెంటనే డబ్బు పెట్టుట మంచిది. ఆలస్యమైన కొలది చిల్లి పెద్దదగును, ఖర్చును పెరుగును. రెండు ప్రక్కల దూలములు, నేల, కమాను చోట్లు అన్నియు పోయినచో మాత్రము ఆశ వదలుకొనుటయే మేలు. ఆ స్థితిలో ఒక చోట మంచి రేకు అతుకవలెనన్నను దానిని అతుకుటకు ప్రక్కన మంచి రేకు ఉండదు.

ఇక డబ్బు లెక్క. "బండి అమ్మిన నలుబది వేలు రాదు, మరమ్మతుకు అరువది వేలా?" అని పలువురు అందురు. ఈ లెక్క పైకి సరిగా తోచును గాని సరియైనది కాదు. మీరు బండిని అమ్ముటకు మరమ్మతు చేయించుట లేదు, ఎక్కుటకు చేయించుచున్నారు. ఆ అరువది వేలకు బజారులో దొరకు మరియొక పాత బండి ఏ స్థితిలో నుండునో, దాని చాపల క్రింద ఏమున్నదో మీకు తెలియదు. మీ బండి యింజను, గేర్లు, బ్రేకులు బాగుండి, ఈ మరమ్మతుతో అయిదారేండ్లు నడచునన్న నమ్మకమున్నచో ఏడాదికి పడు ఖర్చు పది పండ్రెండు వేలు మాత్రమే. ఇది దండుగ కాదు. అట్లే దీనికి విరుద్ధమైన పొరపాటొకటి కలదు. "క్రిందటి ఏడు యింజనుకు ముప్పది వేలు పోసితిమి, ఇప్పుడెట్లు వదలుదుము?" అని అనుకొనుట. పోయిన డబ్బు పోయినది. ఇకపై పోయవలసినది మాత్రమే లెక్కకు రావలెను.

ఆ లెక్కలో ప్రభుత్వమునకు కట్టవలసిన రుసుమును మరువరాదు. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లును. తరువాత బండిని పరీక్ష చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. పదిహేనేండ్లు దాటిన కార్ల కీ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి అయిదు వేల రూపాయలైనది. 2025 ఆగస్టులో ఇరువదేండ్లు దాటిన వానికి పది వేలు చేసిరి. గడువు దగ్గరపడినచో తుప్పు మరమ్మతునకు ముందే బండి ఆ పరీక్షకు నిలుచునా యని తెలిసిన మెకానిక్కును అడుగుట మంచిది.

మరమ్మతు చేయింప నిశ్చయించినచో మూడు షరతులపై చేయింపుడు. తుప్పు పట్టిన రేకును మంచి ఇనుము కనబడువరకు కోసివేసి క్రొత్త రేకు వెల్డింగు చేయవలెనని, పుట్టీని అతుకు నునుపు చేయుటకు తప్ప చిల్లి మూయుటకు వాడరాదని మొదటనే చెప్పుడు. కోసిన తరువాత ఒకమారు, వెల్డింగైన తరువాత పుట్టీకి ముందు మరియొకమారు మిమ్ములను పిలువవలెనని ఒప్పించుడు, పిలిచినప్పుడు వెళ్లుడు. మేము 2011లో ఈ ఒక్క పని చేసియున్నచో మా పదునెనిమిది వేలు మిగిలియుండెడివి. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పించుట, పెట్రోలు టాంకు జాగ్రత్త చూచుట, దూలము కోయునప్పుడు బండి క్రుంగకుండ దిమ్మలు పెట్టించుట మేస్త్రీకి తెలిసిన పనులే. అయినను అడిగి తెలిసికొనుడు.

నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో కనుగొననిచో ఈ పనియంతయు వృథా. అద్దము చుట్టునున్న రబ్బరు ఎండిపోవుట, తలుపు అడుగున నీరు జారు కన్నములు మట్టితో మూసికొనిపోవుట, తడిసిన చాప నెలల తరబడి ఆరకుండుట సాధారణ కారణములు. క్రొత్త రేకు లోపలి ప్రక్కకు మైనపు పూత వేయింపుడు. వాడిన యింజను నూనె కొట్టించు అలవాటు కొన్ని చోట్ల కలదు. అది రబ్బరు భాగములను పాడుచేయును. సముద్రతీరమున నున్నవారు వారమున కొకమారు బండి అడుగున మంచినీరు కొట్టి ఎండలో ఆరనిచ్చుట వేల రూపాయల పూతకంటె మేలు.

మా బండి సంగతి చెప్పి ముగింతుము. 2013లో మంచి మేస్త్రీకి చూపగా రెండు దూలములు, వెనుక కమాను చోట్లు చెడినవనియు, నలుబదియైదు వేలగుననియు, అయినను పూర్తి పూచీ పడజాలననియు చెప్పెను. నిజము చెప్పినందుకు ఆయనకు నమస్కరించితిమి. 2011లో వ్రేలు పట్టునంతటి చిల్లి యున్నప్పుడే అదే డబ్బుతో రేకు మార్పించియున్నచో బండి దక్కెడిదేమో. మా బంధువులలో ఒక యువకుడు "నాకిచ్చివేయుడు, రంగు వేసికొని నడుపుకొందును" అనెను. మరియొకరు మంచి ధర యిత్తుమనిరి. మా తల్లిగారు ఆ బండిని ఎవరి యింటనో చూచుకొనవచ్చునని ఆశపడిరి. మేము ఒప్పుకొనలేదు. మన పిల్లల నెక్కింపరాని బండిని ఇతరుల పిల్లల కప్పగించుట దానము కాదు, వ్యాపారమును కాదు. 2014లో రిజిస్ట్రేషను గడువు ముగియకముందే దానిని పాత ఇనుమునకు వేసి రిజిస్ట్రేషను రద్దు చేయించితిమి. అదే ఏడు మే నెలలో ఉత్తరపాడాలో అంబాసిడరు తయారీయు ఆగినది. ఇప్పుడట్లు వేయువారికి ప్రభుత్వము గుర్తించిన కేంద్రములు గలవు. అక్కడ ఇచ్చు డిపాజిట్ సర్టిఫికెట్టుతో క్రొత్త బండి పన్నులో కొంత తగ్గింపు పొందవచ్చును.

మా తల్లిగారు ఆ బండి గడియారమును విప్పించి దాచుకొనిరి. అది నడువదు, అయినను అల్మారాలో ఉన్నది. జ్ఞాపకమును ఇట్లు దాచుకొనుటలో తప్పు లేదు. దానిపై ఆరుగురిని ఎక్కించుకొని రహదారికి పోవుటయే తప్పు.

కావున ఈ సంవత్సరము షెడ్డుకు పోవు మన పాఠకులు మేస్త్రీ చెప్పు మొత్తమునకు ముందు చాపలెత్తి చూతురు గాక. ఎముక నిలిచియున్నచో సందేహింపక చక్కగా చేయింపుడు. ఎముక పోయినచో ధైర్యముగా వదలుకొనుడు. ఈ రెండింటి నడుమ పుట్టీ పూసి నెట్టుకొనివచ్చు మూడవ మార్గమొకటి తోచును. మేమా దారిని పోయి వచ్చితిమి. అది ఇచ్ఛాపురము దాటిన పిమ్మట దిగబడిపోయిన దారి.