రూపాయే కదా అనుకుంటే...

గోడ గడియారానికి, టార్చిలైటుకి, పిల్లల బొమ్మలకి వేసే బ్యాటరీ ధర ఓ రూపాయి పెరిగిందనుకోండి. ఇంకో కంపెనీది ఇమ్మంటాం. "అన్నీ అదే రేటమ్మా" అంటాడు షాపతను. రూపాయే కదా అని తెచ్చేసుకుంటాం.

ఆ ఒకే రేటు వెనక కథేమిటో 2018 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా బయటపెట్టింది. ఎవరెడీ, నిప్పో, పానసోనిక్ బ్యాటరీల కంపెనీలు మూడూ కూడబలుక్కుని ఏళ్ల తరబడి ధరలు పెంచాయని తేల్చింది. పోటీ పడాల్సినవాళ్లే ఇలా కుమ్మక్కవడాన్ని కార్టెల్ అంటారు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం దీన్ని నిషేధించింది. ఈ నిషేధం 2009 మే నుంచి అమల్లోకి వచ్చింది.

రేట్లు ఒకటిగా ఉన్నంత మాత్రాన నేరం కాదు. ముడిసరుకు ఖర్చు పెరిగితే ఎవరికి వారే పెంచవచ్చు. మాట్లాడుకుని పెంచారని తేలాలి. నాలుగు గోడల మధ్య మాట్లాడుకున్నది తెలిసేదెలా? అందుకే చట్టం ఓ దారి పెట్టింది. ముందుగా వచ్చి గుట్టు విప్పిన కంపెనీకి జరిమానా పూర్తిగా మాఫీ కావచ్చు. బ్యాటరీల కేసులో పానసోనిక్ అలాగే బయటపడింది. ఎవరెడీకి సుమారు 171 కోట్లు, నిప్పో తయారీదారు ఇండో నేషనల్‌కి 42 కోట్ల జరిమానా పడింది. ఎవరెడీ అప్పీలుకి వెళ్లింది.

జరిమానా చిన్నదేమీ కాదు. కుమ్మక్కు నడిచిన ఒక్కో ఏడాదికి లాభానికి మూడింతలు లేదా టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా వేయవచ్చు. కానీ అదంతా చేరేది ప్రభుత్వ ఖజానాకి. మరి మన రూపాయి?

నష్టపరిహారం కోరుతూ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్లే వీలుంది. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు అనుమతి తీసుకుని కలిసి కూడా వెళ్లవచ్చు. అయితే రూపాయి కోసం ఢిల్లీ దాకా ఏ ఇల్లాలు వెళుతుంది? కుమ్మక్కయ్యేవాళ్ల ధీమా అదే! తలా రూపాయి పోతే ఎవరూ అడగరు, కోట్ల ఇళ్ల నుంచి వస్తే కోట్లవుతాయి.

అందుకే ఒంటరిగా కాక నలుగురూ కలిసి అడగాలి. నిర్ణీత రుసుము కట్టి వినియోగదారుల సంఘాలు కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. మహిళా మండలి సమావేశాల్లో చీరల కబుర్లతో పాటు ఈసారి బిల్లులూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని కంపెనీల ధరా ఒకే వారంలో, ఒకే మొత్తం పెరిగిందా? అది రుజువు కాకపోవచ్చు. కానీ ప్రశ్న వేయడానికి చాలు.