అమ్మ వంటింటికి కరెంటు పొయ్యి

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను చదివింది ఈఈఈ, చేసేది సాఫ్ట్‌వేరు. నాలుగేళ్ళు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చదివి, ఇప్పుడు బెంగుళూరులో కూర్చుని ఎవరో రాసిన కోడులో తప్పులు వెతుకుతుంటా. కాబట్టి ఇండక్షన్ పొయ్యి గురించి మాట్లాడే అర్హత నాకు సగమే ఉంది. మిగతా సగం మా అమ్మ దగ్గరుంది. ఈ సంగతి డబ్బులు ఖర్చయ్యాక గానీ తెలిసిరాలేదు.

మాది ముదిగుబ్బ. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాం గానీ, ఎవరైనా అడిగితే నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది. పోయిన దసరాకి ఊరికి పోతూ, అమ్మకి చెప్పకుండా ఒక ఇండక్షన్ పొయ్యి కొనేశా. 2000 వాట్లు, నల్లటి గాజు, అంతా టచ్. షాపాయన "ఇదే టాప్ మోడల్ సార్" అన్నాడు. టాప్ మోడల్ అంటే మనకి ఇంకేం కావాలి!

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంట యాడుందిరా దీంట్లో?"

"మంట ఉండదుమ్మా. గిన్నె ఒకటే వేడెక్కుతుంది."

"మంట లేకుండా కూడెట్ల ఉడుకుతాది నాయనా?"

నేను ఉత్సాహంగా ఫారడే దగ్గర్నుంచి మొదలుపెట్టా. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది, దాంట్లో కరెంటు సెకనుకి ఇరవై వేల సార్లకి పైగా దిశ మారుతుంది, దాంతో పైనున్న గిన్నె అడుగులోనే సుడులు తిరిగే కరెంట్లు పుడతాయి, ఆ లోహం నిరోధం వల్ల గిన్నె తనకు తానే వేడెక్కుతుంది... అమ్మ నేను చెప్పేది వింటూనే సంగటి చేసే సత్తు డబరా తెచ్చి దాని మీద పెట్టింది. పొయ్యి కుయ్ కుయ్ మని అరిచి ఆగిపోయింది.

"ఏమంటాంది?"

"గిన్నె లేదంటోంది."

"ఇంత డబరా పెడితే లేదంటాందా? కండ్లు లేవా దీనికి?"

అక్కడితో నా డెమో అయిపోయింది. సత్తులో కూడా కరెంటు పుడుతుంది. కానీ దానికి నిరోధం మరీ తక్కువ, అయస్కాంత గుణం అసలు లేదు. అందువల్ల వేడి పెద్దగా పుట్టదు, పొయ్యి దాన్ని గిన్నె కింద లెక్కే వెయ్యదు. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. మరి మా ఇంట్లో సంగటి ఇరవై ఏళ్ళుగా ఏ గిన్నెలో వండుతున్నారో షాపులో ఒక్క నిమిషం ఎందుకు గుర్తు రాలేదు?

ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ మీద అంటించిన అయస్కాంతం పీకి, వంటింట్లో సామానంతా బయటికి తీసి ఒక్కొక్క దాని అడుగునా పెట్టి చూశా. సత్తు గిన్నెలు, ఇత్తడి బిందె, మట్టి సట్టి ఎలాగూ అంటుకోవు. నన్ను ఆశ్చర్యపరిచింది స్టీలు సామాను. స్టీలు అంటే ఇనుమే కదా అనుకుంటాం. కానీ మన ఇళ్ళలో స్టీలు గిన్నెలు చాలా వాటికి అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా జారిపోతుంది. నికెల్ కలిపిన స్టీలుకి మెరుపు, తుప్పు పట్టని గుణం వస్తాయి, అయస్కాంత గుణం పోతుంది. ఆఖరికి ఒక కొత్త కుక్కరు, దోసె పెనం, పాలగిన్నె, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన ఒక గిన్నె, ఈ నాలుగే పాసయ్యాయి. పెద్ద కుక్కరు సత్తుది, ఫెయిలు. మూకుడు ఇనుపదే గానీ అడుగు గుండ్రం, అది గాజు మీద నిలబడదు.

(ఇలాంటి గిన్నెల కింద పెట్టుకోడానికి ఇనుప పలక ఒకటి అమ్ముతారు. వద్దు. అప్పుడు పలక కాలి, గాజు కాలి, ఆ తర్వాత గిన్నె కాలుతుంది. ఆదా అయ్యేదంతా అక్కడే పోతుంది, పొయ్యి కూడా తొందరగా పాడవుతుంది.)

అందుకే నా అభిప్రాయం ఇది. ఇండక్షన్ పొయ్యి కొనేవాళ్ళు పొయ్యిల దగ్గర మొదలుపెట్టకూడదు. ఇంట్లో ఉన్న గిన్నెల దగ్గర మొదలుపెట్టాలి, ఆ తర్వాత గోడలో వైరు చూసుకోవాలి, ఆ తర్వాత కరెంటు బిల్లు. ఏ కంపెనీ, ఎన్ని బటన్లు, ఎన్ని మెనూలు అనేవి చివర్న. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తాం. షాపుల వాళ్ళూ, నెట్లో సలహాలిచ్చే వాళ్ళూ కూడా మెనూల దగ్గరే ఆగిపోతారు. "దోసె", "ఇడ్లీ", "పాలు" అని బొమ్మలుంటాయి చూడండి, వాటి వెనక ఉండేది కొన్ని వాట్లు, కొంత టైము, అంతే. మా అమ్మ చెయ్యి కంటే దానికి ఎక్కువ తెలీదు.

వైరు సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. 2000 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. ఇంట్లో మామూలు చిన్న సాకెట్టు 5, 6 ఆంపియర్లకి పెట్టింది. వంటింట్లో పెద్ద సాకెట్టు ఒక్కటే, అది ఫ్రిజ్‌కి పోయింది. నేనేం చేశానంటే, ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి చిన్న సాకెట్టుకి తగిలించా. ఈఈఈ డిగ్రీ ఉన్న నేను! పది నిమిషాలకి ఏదో కాలిన వాసన. చూస్తే ప్లగ్గు ముట్టుకోలేనంత వేడి, సాకెట్టు మూతి గోధుమ రంగుకి తిరిగింది. మా నాయన ఏమీ అనలేదు. బోర్డు ఆపేసి, "నువ్వు కంప్యూటరే చూసుకో నాయనా" అని మాత్రం అన్నాడు. అనకపోయినా బాగుండేది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెయిన్ నుంచి విడిగా లావు వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికో ఎంసీబీ, ఎర్తింగు పెట్టించాం. పొయ్యి ధరలో సగం దానికే అయ్యింది. కొనే ముందు ఈ ఖర్చు ఎవరూ చెప్పరు. ఇంకోటి, సాయంత్రం పూట మా వీధి చివర వోల్టేజీ బాగా దిగుతుంది. చాలా పొయ్యిలు వోల్టేజీ మరీ పడిపోతే ఏదో ఎర్రర్ నంబరు చూపించి ఆగిపోతాయి. కాబట్టి డబ్బా మీద ఎంత నుంచి ఎంత వోల్టేజీ దాకా పనిచేస్తుందో చదవండి. పల్లెల్లో నాకు తెలిసి అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే. దాన్ని చిన్న అక్షరాల్లో వేస్తారు.

వాట్ల గురించి ఒక అపోహ ఉంది. 2000 వాట్లది కొంటే బిల్లు ఎక్కువ, 1200 అయితే తక్కువ అని. లీటరు నీళ్ళు 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవాలంటే దేంట్లోనైనా యూనిట్టులో పదో వంతే కాలుతుంది. పెద్ద దాంట్లో మూడు నిమిషాలు, చిన్న దాంట్లో ఐదు నిమిషాలు. తేడా టైములోనే. వైరు గట్టిగా లేని ఇంటికి, వోల్టేజీ నిలకడ లేని వీధికి 1600 వాట్లది చాలు.

ఇక అసలు లెక్క, అంటే నాయన అడిగింది: "సిలిండరు మేలా, ఇది మేలా?" కాయితం తీసుకుని కూర్చున్నాం. 14.2 కేజీల సిలిండరులో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. గ్యాసు పొయ్యి మీద అందులో అరవై శాతం గిన్నెలోకి పోతుందనుకుంటే 108. ఇండక్షన్‌లో ఎనభై ఐదు శాతం పోతుందనుకుంటే, అదే వంటకి 127 యూనిట్లు కావాలి. మా ఇంట్లో సిలిండరు రెండు నెలలొస్తుంది, అంటే నెలకి 64 యూనిట్లు. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 31 నుంచి 75 యూనిట్ల దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఇంట్లో మామూలుగా 70 యూనిట్లు కాలే నెలలో ఈ 64 కలిస్తే అదనంగా పడేది 294. రెండు నెలలకి 588. 2025 ఏప్రిల్‌లో సిలిండరు ఢిల్లీ ధర 853 అయ్యింది. అంటే ఇండక్షనే మేలు. అదే ఎండాకాలం కూలరు, ఫ్యాన్లు తిరిగి 150 దాటాక ఇది కలిపితే, 127 యూనిట్లకి 762, పైన సర్‌చార్జీలు. అక్కడికక్కడికి. ఏసీ ఉండి 225 దాటిన ఇంట్లో అయితే 1111 రూపాయలు, గ్యాసే మేలు! ఇండక్షన్ చవక అనేవాళ్ళూ, కాదనేవాళ్ళూ ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఎవరి శ్లాబు వాళ్ళది.

పైగా 2024 నవంబరు నుంచి దీపం-2 కింద అర్హత ఉన్న ఇళ్ళకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మాకు ఏడాదికి ఆరు కావాలి. మూడు ఊరికే వస్తుంటే కరెంటు పొయ్యి మీద మొత్తం వంట చేయడమంటే చేతికొచ్చింది వదులుకోవడమే. మిగతా మూడింటి పనిలో దీనికి చోటుంది. అమ్మ ఈ మాట నాకంటే ముందే, కాయితం లేకుండా చెప్పింది. లెక్క వేసింది నేను, జవాబు అమ్మది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఇంట్లో కట్టెల పొయ్యే. కంది కట్టె, కంప, అవి దొరకనప్పుడు ఏది దొరికితే అది. వానల్లేని ఏడు చేలో పంట లేదు, పొయ్యిలోకి కట్టే లేదు. మధ్యాహ్నం ఎండలో అమ్మ తల మీద కంపమోపుతో రావడం, ఊదరగొట్టంతో ఊదుతూ కండ్లు తుడుచుకోవడం నాకు బాగా గుర్తు. 1999లో మొదలైన పాత దీపం పథకం గ్యాసు మా ఇంటికి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ సిలిండరుకి అమ్మ పసుపు, కుంకుమ పెట్టింది. నేను కొత్త పొయ్యి తెచ్చి "గ్యాసు మానేయ్ మ్మా" అన్నప్పుడు ఆమె మొహం ఎందుకలా అయ్యిందో అప్పుడు అర్థం కాలేదు.

సంగటి మాత్రం దీని మీద కుదరదు, ఎవరేం చెప్పినా సరే. గిన్నెదే కాదు ఇబ్బంది. ఎసట్లో ఉడికిన బియ్యంలో రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, సంగటి కట్టెతో రెండు చేతులా గిలకాలి. ఆ దెబ్బలు గాజు మీద పడితే ఒక్కరోజులో పగులుతుంది. ఓళిగలూ అంతే. పెనం వెడల్పు చూడండి, లోపలి చుట్ట ఎంతుంటుందో చూడండి. మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. కొనేటప్పుడు చుట్ట వెడల్పు అడగండి. షాపాయన మీ వైపు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

టచ్ ఎంత పెద్ద తప్పో కూడా అక్కడే తెలిసింది. పిండి చేత్తో, తడి చేత్తో అది వినదు. వినకూడనప్పుడు, అంటే పాలు పొంగి దాని మీద పడినప్పుడు మాత్రం తనంతట తనే ఏదో ఒకటి నొక్కుకుంటుంది. నొక్కితే టక్కుమనే బటన్లున్నదే తీసుకోండి. పని అయ్యాక వెంటనే ప్లగ్గు పీకకండి, లోపలి ఫ్యాను కాసేపు తిరగాలి. ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే డాక్టరుని అడక్కుండా కొనకండి.

మొత్తానికి ఆ టాప్ మోడల్‌ని నేను బెంగుళూరుకి తెచ్చుకున్నా, అద్దె గదిలో టీకీ, గుడ్లకీ బాగానే ఉంది. అమ్మకి 1600 వాట్ల బటన్లది, దాంతోపాటు అడుగు మందంగా ఉన్న రెండు గిన్నెలు కొనిచ్చా. పొద్దున పాలు, టీ, అన్నం, పప్పు దాని మీద. సంగటి, తిరగమోత, ఓళిగలు గ్యాసు మీద. కరెంటు పోతే అన్నీ గ్యాసు మీదే.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. పక్కింటి చిన్నమ్మ కూడా అట్లాంటిదే కావాలంటోందట.

"ఏది తీసుకోమంటావు?" అంది.

"ఏదైనా సరే, ముందు..."

"తెలుసులే. నీ అయస్కాంతం తీసుకుపోయి ఆమె సామానంతా చూసొచ్చినా. రెండే అంటుకున్నాయి. కొనొద్దని చెప్పినా."