కార్తేజిలో మిగిలిన రాళ్లు

ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పాతబస్తీ సందుల్లో నడిస్తే జైతునా మసీదు వస్తుంది. దాని స్తంభాల్లో చాలావరకు సమీపంలోని కార్తేజి శిథిలాల నుంచి తెచ్చినవే. ఆ శిథిలాలు చూడాలని మేము చిన్న రైలెక్కాం.

ఒకప్పుడు ఆఫ్రికా సంఘానికి కార్తేజి పట్టుకొమ్మ. క్రీ.శ. 203లో అక్కడ 22 ఏళ్ల చంటిబిడ్డ తల్లి పెర్పెతువాను, ఫెలిసిటా అనే బానిస స్త్రీని క్రీస్తు నిమిత్తం మృగాలకు వదిలారు. అడవి ఆవు కుమ్మి పడేసిన ఫెలిసిటాను గొప్పింటి బిడ్డ పెర్పెతువా చేయందించి లేపింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

అదే నగరంలో 411లో 550 మందికి పైగా బిషప్పులు కూడారు, రెండు పక్షాలుగా! 303లో మొదలైన హింసలో లేఖనాలను అప్పగించినవారు చేసిన అభిషేకాలు చెల్లవని దొనాతు పక్షం వాదన. అవతలి సంఘం నుంచి వచ్చినవారికి మళ్లీ బాప్తిస్మమిచ్చేవారు. అగస్టీను వారికి ఎదురు నిలిచి వాదించాడు. చాలా ఊళ్లలో ఇద్దరేసి బిషప్పులు. మన ఊళ్లు గుర్తొస్తున్నాయా? మనమూ ఒకరి బాప్తిస్మాన్ని మరొకరం కాదనుకుంటున్నాం. ఈ పాఠాన్ని సెమినరీలో పరీక్ష కోసం చదివాం, అంతే.

దొనాతు పక్షాన్ని రాజాజ్ఞతో అణచారు గాని గాయం మానలేదు. 439లో వాండలులు, 698లో అరబ్బు సేనలు కార్తేజిని పట్టుకున్నారు. తరువాతి శతాబ్దాల్లో సంఘమే కనుమరుగైంది. కారణాలు అనేకం, నింద అంతా చీలికపైనే వేయలేం.

దమూస్ ఎల్ కరీతా వద్ద ఒక విశాలమైన ఆలయపు పునాదులు, విరిగిన స్తంభాలు ఉన్నాయి. అక్కడ ఏ పక్షంవారు మోకరించారో ఆ రాళ్లను చూసి మేము చెప్పలేకపోయాం.