నరం అంటే ఏ నరం?

ఆరేళ్లుగా అమెరికాలో ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి నుంచి కాల్ వస్తుంది. డాక్టర్ ఇంగ్లిష్‌లో అడుగుతారు, అవతల మన పెద్దవాళ్లెవరో తెలుగులో చెబుతారు, నేను మధ్యలో ఆ మాటలు అటూ ఇటూ చేరవేస్తాను. పెద్ద పెద్ద జబ్బుల పేర్లు, మందుల పేర్లు నన్నెప్పుడూ అంతగా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టేది ఒక చిన్న మాట: నరం.

పిక్కల మీద నీలంగా ఉబ్బి మెలికలు తిరిగేవి నరాలు. రక్తం తీయడానికి నర్సుకు దొరకనిదీ నరమే. మెడ తిరగకపోతే నరం పట్టేసింది, మడమ బెణికితే నరం మీద నరం ఎక్కింది, చెయ్యి వణికితే నరాల వీక్‌నెస్. ఇంగ్లిష్‌లో వీటిలో ఒకటి వెయిన్, ఒకటి కండరం, ఒకటి టెండన్. నిజంగా నెర్వ్ అనదగ్గది ఎక్కడో ఒకటి. స్కూలు పుస్తకం 'నాడి' అనే మాట ఇచ్చింది కానీ, ఇంట్లో నాడి అంటే మణికట్టు పట్టుకుని చూసే పల్స్. నేనేమో విన్నది విన్నట్టే చెప్పాలి, సొంతంగా ఏదీ కలపకూడదు. అందుకని డాక్టర్‌కు చెప్పి, "ఏ నరం అంటున్నారమ్మా, ఎక్కడ?" అని అడుగుతాను. చాలాసార్లు జవాబు పక్కనున్న కొడుకో అల్లుడో ఇచ్చేస్తారు: "అదేనండీ, నరాల వీక్‌నెస్. ఎప్పటినుంచో ఉంది."

ఆ జవాబు ఎంత పని చేస్తుందో నేను విన్న ఒక కేసు చెబుతాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మనవరాలిని చూసుకోవడానికి వచ్చిన పెద్దావిడ. పొద్దున కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మాట కాస్త ముద్దగా వచ్చింది. "నరాలు లాగేస్తున్నాయి" అని పడుకున్నారు. ఇంట్లోవాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్న నరాల బిళ్ల ఒకటి వేశారు. హైదరాబాద్‌లో డాక్టర్‌గా ఉన్న బంధువుకు ఫోన్ చేస్తే, క్లినిక్‌లో ఉన్నాను, అయ్యాక చేస్తానన్నారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కాగితాలు వెతికారు. ఆసుపత్రికి వచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న: ఆవిడ చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు? నేను తెలుగులో అడిగాను. "పొద్దున ఏడింటికి" అంది కూతురు. లైన్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజక్షన్ ఉంది. అది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతికి కొందరి విషయంలో 24 గంటల దాకా అవకాశం ఉంటుంది కానీ, అది అందరికీ కుదరదు. పెద్ద స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. బంధువు క్లినిక్ అయ్యేదాకా అవి ఆగవు.

మన భాషను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లిష్‌వాళ్లు కూడా కంగారుగా ఉంటే 'నెర్వస్' అనే అంటారు. నా బాధల్లా, ఇంజినీరింగులు చదివిన పిల్లలు కూడా ఆ మాట దగ్గరే ఆగిపోవడం గురించి. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఏ లైన్, ఎప్పటినుంచి అని వంద ప్రశ్నలు వేసే మనం, అమ్మ చెయ్యి పడిపోతే 'వీక్‌నెస్' అని ఊరుకుంటాం.

నరాల అమరిక నిజానికి అంత కష్టమైనదేమీ కాదు. పైన మెదడు, సుమారు 1.4 కిలోల బరువు, అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. దాని కింద వెన్నుపాము, మనిషి చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. ఈ రెండూ కేంద్రం. మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయల్దేరి ఒళ్లంతా పరుచుకుంటాయి. వాటిలో కొన్ని పోగులు వేడి, నొప్పి, స్పర్శ కబుర్లు పైకి తెస్తాయి. కొన్ని కండరాలకు ఆజ్ఞలు కిందికి తీసుకెళ్తాయి. మెదడు ఎడమ సగం ఒంటి కుడివైపును నడిపిస్తుంది, ఎక్కువమందిలో మాట కూడా ఆ ఎడమవైపే ఉంటుంది. ఆ పెద్దావిడకు కుడిచెయ్యి, మాట ఒకేసారి ఎందుకు పోయాయో ఇక్కడే తెలుస్తోంది కదా.

అంటే తేడా ఎక్కడ వచ్చింది, ఎంత వేగంగా వచ్చింది అనే రెండు సంగతులే డాక్టర్‌కు జబ్బు చిరునామా. మూతి, చెయ్యి, కాలు ఒకే పక్క హఠాత్తుగా పడిపోతే ముందు మెదడునే అనుమానించాలి. నడుము నుంచి ఒక కాలి వెనక భాగంగా మంట జారుతుంటే వెన్ను దగ్గర నరం మొదలు నొక్కుకుపోయి ఉండొచ్చు. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారడం నెలల తరబడి పైకి పాకుతుంటే నరాల చివర్లు దెబ్బతింటున్నట్టు. ఈ మూడింటికీ మనింట్లో పేరు ఒకటే, వేసే బిళ్ల కూడా ఒకటే.

మూడోది మనవాళ్లలో చాలా ఎక్కువగా వింటాను, కారణం షుగర్. నడుము నుంచి కాలివేలి కొస దాకా వెళ్లే పోగు దాదాపు మీటరు పొడవుంటుంది. షుగర్ ముందు దెబ్బతీసేది ఆ పొడవాటి పోగులనే, అందుకే తిమ్మిర్లు అరికాళ్లలో మొదలవుతాయి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉన్నన్నాళ్లూ మనిషి చెబుతాడు. అసలు ప్రమాదం ఆ తర్వాత, ఏమీ తెలియకుండా పోయినప్పుడు. చలికాలంలో ఇక్కడికొచ్చిన నాన్నగారు రూమ్ హీటర్ దగ్గర కాళ్లు పెట్టుకుని టీవీ చూస్తారు. కాలిన సంగతి మర్నాడు మేజోడు తీస్తే గానీ తెలియదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ల అరికాళ్లు రోజూ ఎవరో ఒకరు చూడాలి. కోడలు ముందు కాళ్లు చాపడానికి మొహమాటపడితే కొడుకు చూడొచ్చు.

సూట్‌కేసుల్లో వచ్చే నరాల బిళ్లల గురించీ ఒక మాట. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, శాకాహారులకు బి12 తగ్గవచ్చు, దానివల్లా తిమ్మిర్లు వస్తాయి. రక్తపరీక్షలో తగ్గిందని తేలితే ఆ మందు వాడాల్సిందే. కానీ అన్ని తిమ్మిర్లూ బి12 వల్ల కాదు. పైగా ఆ బిళ్లల్లో కొన్నింటిలో బి6 కూడా ఉంటుంది, అది మోతాదు మించి చాలాకాలం వాడితే నరాలనే పాడుచేస్తుంది.

ఇక ఖర్చు భయం. అది ఉత్తి భయమని నేననను, బిల్లు వస్తుంది, పెద్దదే వస్తుంది. అయినా 1986 నుంచి ఇక్కడ చట్టం ఉంది: మెడికేర్ తీసుకునే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా, ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా, పరీక్షించి ప్రమాదం నుంచి గట్టెక్కించాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో బిల్లు సాయానికి పథకం ఉండాలి, తర్వాత అడగొచ్చు. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలి. "మా అమ్మకు నేను చెబుతాలెండి" అనే పిల్లలకు నా విన్నపం: మీ అమ్మ రెండు నిమిషాలు చెప్పింది మీరు రెండు ముక్కల్లో చెబుతున్నారు, నేను వింటున్నాను. స్ట్రోక్ పరీక్షలో మాట తడబడుతోందా, అర్థంలేని మాటలు వస్తున్నాయా అన్నది కూడా చూస్తారు. అది తెలుగు తెలిసినవాళ్లే చెప్పగలరు, అప్పుడు మీరు వాక్యాన్ని సరిచేసి చెబితే జబ్బును దాచినట్టే.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. ఇంటి అడ్రసు, 911, అమ్మ మందుల పేర్లు, 'మూతి వంకర, చెయ్యి బలం తగ్గడం, మాట తేడా: టైమ్ రాసుకోండి, వెంటనే ఫోన్ చేయండి' అని తెలుగులో. అమ్మ చదివి, "విజయవాడ మామయ్య నంబరు లేదేం, ఆయన డాక్టరు కదా" అంది. రాశాను, అన్నింటికన్నా కింద.