మూడు ఋతువుల ఓర్పు

వ్యాధి నయమగుటకు మందు వలెను; మందు పూర్తిగా పనిచేయుటకు కాలము వలెను. ఈ రెండవ మాటను మనము తఱచుగా మఱచుచున్నామని మా అభిప్రాయము.

గడచిన మాఘమాసమున మా సహాధ్యాయి యొకనికి ఊపిరితిత్తుల క్షయ యని తేలినది. వైద్యులు ఆరు నెలల చికిత్స విధించిరి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు. పంచాంగము ప్రకారము రెండు మాసము లొక ఋతువు గదా! శిశిరము, వసంతము, గ్రీష్మము: అతని చికిత్స సరిగా మూడు ఋతువులు.

పూర్వము ఈ వ్యాధికి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము మాత్రమే దిక్కు. అందులకే మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో శానిటోరియము తెరువబడినది. కాని, మందులు క్రమముగా సేవించినచో ఇంట నున్న రోగియు శానిటోరియములోని రోగితో సమానముగా కోలుకొనునని మదరాసున జరిగిన పరిశోధన 1959లో తేల్చినది. ఆ యేడే మన బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ ఏర్పడినది. కావున ఋతువులు క్షయను మాన్పునని మేము చెప్పబోము. మాన్పునది మందే.

అయినను ఋతువులు చేయు మేలొకటి కలదు. అవి ఓర్పు నేర్పును. మొదటి ఋతువు ముగియునప్పటికే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ‘ఇంక మందేల?’ అని తోచును. అప్పుడు మానినచో మిగిలిన క్రిములు మరల విజృంభింపవచ్చును. ఆ మందులకే లొంగనివియు కావచ్చును. మా మిత్రుడును ఫాల్గుణమున అట్లే మానబోయెను. వాకిటి మామిడిని చూపి వాని అవ్వ, “పూత చూసి ఎవరైనా గంప తెస్తారా నాయనా?” అనెనట. అతడు మానలేదు.

చెట్లను చూచి దినములు లెక్కించుటకు బెంగుళూరును మించిన ఊరు అరుదు. లాల్‌బాగును తీర్చిదిద్దిన క్రుంబీగల్ (1865–1956) ఒక జాతి పూలు రాలునప్పటికి మరియొక జాతి పూచునట్లు వీధులకు చెట్ల నేర్చి నాటించెను. మా మిత్రుడు కిటికీలోనుండి గులాబివన్నె టబెబూయాను చూచెను. కన్నడిగులకును మనకును సమానమైన యుగాదినాటికి ఊదావన్నె జకరండా, వైశాఖమున ఎఱ్ఱ తురాయి. మాత్రల అట్టలు ఒక్కొక్కటిగా తఱిగెను. జ్యేష్ఠమున మామిడి పండినది.

వైద్యుల అనుమతితో అతడు జూన్ నెలలో బడికి వచ్చెను. ఆనాడు అతని ప్రక్క చోటు ఖాళీగా నుండెను. ఆ తప్పు మాది. తగిన మందులు క్రమముగా సేవించిన కొన్ని వారములకే సాధారణముగా అంటు తొలగునని తెలిసికొనకయే మేము భయపడితిమి. మూడు ఋతువులు అతడు ఓర్చుకొనెను. ఒక్క బల్లను పంచుకొను ధైర్యము మాకు లేకపోయెను.

సోదరీ సోదరులారా! కోలుకొనుచున్న వానిని ‘ఇంకెన్నాళ్లు?’ అని అడుగకుడు. పాఠములు వ్రాసి పంపుడు. వచ్చిన నాడు ప్రక్కన కూర్చుండుడు. మందు వైద్యులిత్తురు, ఓర్పు ఋతువులు నేర్పును, తోడు మాత్రము మనమే ఈయవలెను.